సింగిల్ కాలమ్

ఒక చిన్న క్లబ్బు వాళ్లు ఆటల పోటీ పెట్టుకుంటే, ఆ సంగతి మర్నాడు పేపర్లో పడటం వెనక ఎంత తతంగం ఉంటుందో నాకు నలభై అయిదేళ్లు వచ్చాక గానీ తెలీలేదు. అంతవరకూ పేపరంటే పొద్దున్నే కాఫీ వేళకి గుమ్మంలో పడేది, నెలాఖరుకి తూకానికి పోయేది. సిటీ పేజీలు గబగబా తిప్పేసి ఆడవాళ్ల పేజీకి వెళ్లిపోయేదాన్ని. ‘ఘనంగా’ అని మొదలై ‘తదితరులు పాల్గొన్నారు’ అని ముగిసే ఆ చిన్న చిన్న వార్తలు ఎవరు రాస్తారో, ఎక్కణ్ణించి వస్తాయో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ముందు వాటినే చదువుతున్నాను. కారణం మా చిన్నదాని ఖోఖో.

మేముండేది హైదర్‌గూడలో అని మీకు తెలుసు కదా. ఇటు నడిస్తే బషీర్‌బాగ్, అటు నడిస్తే నారాయణగూడ. లాల్ బహదూర్ స్టేడియం దగ్గరే కాబట్టి ట్రాక్ ప్యాంట్లు వేసుకుని పొద్దున్నే పోయే పిల్లలు మాకు కొత్త కాదు. మా చిన్నది ఆడేది అంత పెద్ద చోట కాదులెండి. నారాయణగూడ వైపు ఒక బడి ఆవరణలో, మట్టి నేల మీద, పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా. రిటైరైన పీఈటీ సారు ఒకాయన ముప్ఫై మంది ఆడపిల్లలకి నేర్పిస్తారు. ఫీజు లేదు. అపార్ట్‌మెంట్ల పిల్లలూ వాచ్‌మన్ల పిల్లలూ ఒకే వరసలో మోకాళ్ల మీద కూర్చుంటారు. ఖోఖోలో ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చోవాలి, తొమ్మిదో పిల్ల తరుముతూ వచ్చి వీపు తట్టి ‘ఖో’ అనగానే లేవాలి. ఆ వీపు తట్టే చోట ఎవరు ఏ ఇంటి పిల్లో చూసుకునే వీలుండదు. నాకా ఆటలో నచ్చింది మొదట అదే.

పిల్లల్ని దింపి వెళ్లేందుకు వచ్చిన అమ్మలం మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఒకరోజు సారు, “ఊకె కూసునే బదులు మీరు కూడ ఉరకున్రి అమ్మా, పోయేదేముంది” అన్నారు. మొదటిరోజు నలుగురం లేచాం. నెల తిరిగేసరికి పదిమందిమయ్యాం. చున్నీలు నడుముకి చుట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని... మా వారు ఒకసారి చూసి వచ్చి వారం రోజులు నవ్వారు. నవ్వనీండి. నాకు మోకాలి నొప్పి తగ్గింది, ఆయనకి తగ్గలేదు.

ఇక అసలు సంగతి. ఆ బడి వాళ్లు గ్రౌండు వాడుకోవడానికి ఏ ఏటికాయేడు మౌఖికంగా ఒప్పుకుంటారు తప్ప కాగితం మీద ఏమీ లేదు. పోయిన ఏడాది అక్కడ బస్సులు నిలుపుకోవాలన్న మాట వినబడింది. సారు కంగారుపడ్డారు. “పబ్లిక్‌ల ఒక ప్రోగ్రాం చేద్దాం. పేపర్ల వస్తే గ్రౌండు ఇచ్చినోళ్లకి కూడ గౌరవమైతది” అన్నారు. అంతే కాదు, పదో తరగతి పిల్ల ఒకతి ఉంది. మా వెనక బస్తీలో ఆటో నడిపే ఆయన కూతురు. పోల్ దగ్గర మలుపు తిరిగితే పాదరసమే. ఆ పిల్లని పదో తరగతి అవగానే మానిపించేస్తానని తండ్రి అప్పటికే చెప్పేశాడు. ఆటాడితే ఏమొస్తుంది అని ఆయన ప్రశ్న. ఆయన్ని తప్పు పట్టలేం, ఆయనకి ఇంతవరకూ ఏమొస్తుందో చూపించినవాళ్లు లేరు.

“మీరు తెలుగు చదివిన్రు గద మేడమ్, పేపరోళ్ల పని మీరే చూసుకోన్రి” అని సారు ఆ బాధ్యత నా నెత్తిన పెట్టారు. ఇరవై నాలుగేళ్ల కిందటి బీఏ తెలుగు పట్టా ఇలా అక్కరకొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఇన్నాళ్లూ దాంతో చేసిందల్లా శుభలేఖల్లో తప్పులు దిద్దడమే.

ముందు పది రోజులు పెన్ను పట్టుకుని పేపర్లు చదివాను. మా ఇంటికి ఒకటే వస్తుంది. మిగతావాటి కోసం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లాను. అక్కడ గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కాలు పెట్టే చోటు దొరకడమే కష్టం. ఆ జూలైలోనే గ్రూప్-2 వాయిదా వేయాలని అశోక్‌నగర్ పిల్లలూ ఈ లైబ్రరీ పిల్లలూ రోడ్డెక్కారు, టీవీ వ్యాన్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. అంటే కెమెరాలకి మా పేట దారి తెలియకపోవడమేం లేదు.

చదవగా తెలిసిందేమిటంటే, ఆటల వార్తకి పేపర్లో మూడు గుమ్మాలున్నాయి. ఆటల పేజీ ఒకటి. అందులో మన క్లబ్బు పడాలంటే జిల్లా స్థాయో రాష్ట్ర స్థాయో పోటీ కావాలి, ఫలితాలు కావాలి, స్కోరు కావాలి. రెండోది సిటీ పేజీ. పేటలో ఏం జరిగినా అక్కడికి వెళ్తుంది, కానీ అదే రోజు వంద సంఘాలు వంద కార్యక్రమాలు చేస్తాయి. మూడోది ఆడవాళ్ల పేజీ, ఆదివారం పుస్తకం. వాళ్లకి నిన్న జరిగిందా మొన్న జరిగిందా అన్నది ముఖ్యం కాదు, మనిషి కథ కావాలి, కానీ వారాల ముందే చెప్పాలి. చాలా సంఘాల వాళ్లు ఒకే కాగితం మూడు చోట్లకీ పంపి, ఎక్కడా పడలేదని పేపరువాళ్లని తిడతారు. మా సారు కూడా అంతకుముందు అదే చేశారట.

ఈ లోకల్ పేజీల సంగతి మా అత్తగారి దగ్గర ఎత్తితే ఆవిడ లేచి కూర్చున్నారు. ఆవిడది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. జిల్లాకో చిన్న పేపరు పెద్ద పేపరుతో కలిపి ఇవ్వడం ఈనాడు 1989లో మొదలుపెట్టింది, ఆ తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. అంతకుముందు పల్లెలో ఏదైనా జరిగితే పేపర్లోకి ఎక్కాలంటే హత్యన్నా జరగాలి, మంత్రన్నా రావాలి. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు ఆ కబురు జిల్లా పేజీల్లో పక్క ఊళ్లకి పాకింది. “చదువొచ్చిన పిల్ల అరుగు మీద కూచుని పైకి చదివేది, మేమంతా చుట్టూ చేరి వినేవాళ్లం. వాళ్లు చేస్తే మనమెందుకు చెయ్యలేం అని మా ఊళ్లోనూ లేచారు” అన్నారు అత్తగారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధమే వచ్చింది. అది ఎన్నాళ్లు నిలిచిందన్నది వేరే కథ. మా ఖోఖోకీ ఆ ఉద్యమానికీ పోలిక లేదనుకోండి, కానీ ఆవిడ ఆ మాట చెప్పాక నాకు సిటీ పేజీ మీద గౌరవం పెరిగింది.

తర్వాత తేదీ. సారు ఆగస్టు 29 అన్నారు, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. నేను వద్దన్నాను. అదే రోజు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఊళ్లో ఉన్న ప్రతి బడీ ప్రతి సాహిత్య సంస్థా ఆ రోజు ఏదో ఒకటి చేస్తుంది. ఇటు ఆటలవాళ్లూ అటు తెలుగువాళ్లూ కలిసి సిటీ పేజీని నింపేస్తారు. తెలుగు చదువుకున్నదాన్ని నేనే గిడుగు వారితో పోటీ పడటమేమిటి! పైగా గురువారం. సరే, ఆదివారం అనుకుంటే ఆగస్టు 25న హైదరాబాద్ మారథాన్ ఉంది. వేలమంది పరిగెత్తే చోటు వదిలి మా పదిమంది అమ్మల కోసం ఏ ఫొటోగ్రాఫరొస్తాడు? అందుకని సెప్టెంబరు 1 ఆదివారం ఖాయం చేశాం.

ప్రెస్ నోటు దగ్గర సారుకీ నాకూ చిన్న యుద్ధమే జరిగింది. ఆయన రాసుకొచ్చిన కాగితం ‘క్రీడలు శారీరక మానసిక వికాసానికి దోహదం చేస్తాయి’ అని మొదలైంది. తర్వాత పదకొండు మంది అతిథుల పేర్లు, హోదాలతో సహా. ఖోఖో అన్న మాట ఏడో వాక్యంలో వచ్చింది. నేను ఆ కాగితం పక్కన పెట్టి ఇలా రాశాను: ‘ఒక జట్టులో తల్లులు. ఎదుటి జట్టులో వాళ్ల కూతుళ్లు. ఆదివారం ఉదయం ఏడు గంటలకు నారాయణగూడలో ఖోఖో పోటీ. ఎవరైనా వచ్చి చూడొచ్చు.’ ఆ కింద ఎక్కడ, ఎవరు నిర్వహిస్తున్నారు, ఎంతమంది ఆడుతున్నారు, ఎవరికి ఫోన్ చేయాలి. అంతా అర పేజీ. అతిథుల పేర్లు అడుగున ఒక్క వరసలో పెట్టాను. సారు ముఖం చిన్నబోయింది. “గిట్ల రాస్తె వాళ్లు ఫీలైతరు మేడమ్” అన్నారు. వచ్చినవాళ్లకి వేదిక మీద శాలువా ఎటూ కప్పుతాం కదా, వార్త మాత్రం పిల్లలది అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “కరెక్టే” అన్నారు.

కింది వరస అన్నాను కదా, దానికో కారణముంది. డెస్క్‌లో చోటు చాలకపోతే వార్తని కింది నుంచి కోస్తారు. పైన ఉన్నది బతుకుతుంది, అడుగున ఉన్నది పోతుంది. పోటీ అయ్యాక పంపే కాగితంలో బాగా ఆడినవాళ్ల పేర్లు రాసేటప్పుడు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలని అప్పుడే అనుకున్నాను.

చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. అను ఫాంట్లలో టైప్ చేయించి పంపితే ఫోన్లో తెరిచినవాళ్లకి అక్షరాలు కాకుండా పిచ్చి గీతలు కనబడతాయి, మళ్లీ టైప్ చేసుకునే ఓపిక ఎవరికీ ఉండదు, ఫోన్లోనే మామూలు యూనికోడ్ తెలుగులో కొట్టి వాట్సాప్‌లో పెట్టండి ఆంటీ అన్నాడు. తన గిరాకీ తనే పోగొట్టుకున్నాడు పాపం. అతని దగ్గర పిల్లల చెస్ట్ నంబర్లు ప్రింట్ చేయించాను.

రాశాం సరే, ఎవరికివ్వాలి? బషీర్‌బాగ్ ప్రెస్ క్లబ్బులో హాలు తీసుకుని ప్రెస్ మీట్ పెడదామని ఒకరన్నారు. పెద్ద సంఘాలకి అది బాగుంటుంది. మాకు హాలు అద్దె, టీలు, బ్యానరు... ఆ డబ్బుతో పిల్లలకి ఆరు జతల బూట్లొస్తాయి. నాకు తట్టిన మనిషి మా పేపరు ఏజెంటు. తెల్లవారుజామున చౌరస్తాలో కట్టలు విప్పి పంచుకునేవాళ్లకి, ఏ పేపరుకి ఈ పేటలో ఎవరు రాస్తారో తెలియకుండా ఉంటుందా? అడగ్గానే మూడు నంబర్లిచ్చాడు. వాళ్లని కంట్రిబ్యూటర్లంటారు. నెలజీతం ఉద్యోగులు కారు. అచ్చయిన వార్తని కొలిచి డబ్బులిచ్చే పద్ధతి ఒకటుండేది, లైన్ అకౌంట్ అనేవాళ్లు. అందుకే వార్త పడటం మనకెంత అవసరమో వాళ్లకీ అంతే అవసరం. ఇది తెలిశాక వాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు బెరుకు పోయింది.

మొదటాయన ఫోనెత్తగానే, “గెస్టు ఎవరొస్తున్నరు అమ్మా?” అన్నాడు. పెద్దవాళ్లెవరూ రావట్లేదన్నాను. “గట్లయితే కష్టమమ్మా” అన్నాడు. అమ్మలూ కూతుళ్లూ ఆడతారని చెప్పాను. కాస్త ఆగి, “నిజంగనే? చీరల మీదనా?” అన్నాడు. కొందరు చీరల మీద, కొందరు చుడీదార్ల మీద అన్నాను. “వస్త” అన్నాడు. రెండో ఆయన ప్రెస్ నోటు పెట్టమన్నాడు, అంతే. మూడో ఆయన మాత్రం, ప్రత్యేక పేజీ వస్తోంది, ఒక చిన్న యాడ్ ఇస్తే ఫొటోతో సహా బాగా వేయిస్తానన్నాడు. ఆ పేపరు పేరు నేను రాయను. మా దగ్గర యాడ్‌కి డబ్బుల్లేవు బాబూ అని చెప్పి పెట్టేశాను. సారు అయితే ఎలాగో సర్దుదాం అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. ఒకసారి కొనుక్కుంటే ప్రతిసారీ కొనుక్కోవాలి.

అన్నిటికంటే ఎక్కువ టైము పట్టింది ఫొటోలకి. ‘చీరల మీదనా’ అని ఆయనడిగినప్పుడే నా మనసులో గంట మోగింది. కుచ్చిళ్లు దోపుకుని పరిగెత్తే ఆడది జారిపడిన క్షణాన ఫొటో తీసి పేపర్లో వేస్తే? అందుకని పోటీకి వారం ముందే అమ్మలందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. ఫొటో పడితే ఫరవాలేదా, పేరు వేయొచ్చా, కూతురి పేరు? ఎనిమిది మంది సరేనన్నారు. ఒకావిడ పేరు వద్దు, ఫొటో పరవాలేదు అంది. ఇంకొకావిడ, ఇంట్లోనే బ్లౌజులు కుట్టే ఆవిడ, “అక్కా, నేను పొద్దున్నే వాకింగ్‌కి పోతున్నానని మా ఇంట్లో అనుకుంటున్నారు” అని చెప్పి తల వంచుకుంది. అక్కడ నవ్వినవాళ్లు ఒక్కరూ లేరు. ఆవిడ ఆడే టర్న్‌లో ఎవరూ ఫొటోలు తీయకూడదని నియమం పెట్టుకున్నాం. పిల్లల విషయంలో అమ్మానాన్నల దగ్గర సంతకాలే తీసుకున్నాను. ఆటో ఆయన కూడా సంతకం పెట్టాడు గానీ, ఎందుకని అడగలేదు.

ఇంత చేశాక ఆగస్టు 31 శనివారం వాన మొదలైంది. ఆ వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఊళ్లని ముంచేశాయి. సోమవారం హైదరాబాద్‌లో బడులకి సెలవిచ్చారు. మా గ్రౌండు చెరువైంది. శనివారం రాత్రే వాయిదా అని ముగ్గురికీ మెసేజ్ పెట్టాను, యాడ్ అడిగినాయనకి కూడా. మొదటి కంట్రిబ్యూటర్ అర్ధరాత్రి ఫోన్ చేశాడు. “థాంక్సమ్మా. ప్రోగ్రాం ఉందని పిలుస్తరు గని, లేదని ఎవ్వరు చెప్పరు. పోయి గేటు కాడ నిలబడి వాపస్ వస్తుంటం” అన్నాడు. అప్పటికి ఇంకా తినలేదట. ఆ వారమంతా పేపర్ల నిండా వరదే. అలాంటప్పుడు మా పోటీ జరిగి వార్త పడకపోయినా బాధపడే హక్కు మాకుండేది కాదు. వినాయక చవితి, నిమజ్జనం అన్నీ అయ్యాక సెప్టెంబరు 22 ఆదివారం పెట్టుకున్నాం.

ఆ పొద్దున జనం రెండొందల మంది దాకా వచ్చారు. పేట వాళ్లు, పాలవాళ్లు, లైబ్రరీకి పోతూ ఆగిన పిల్లలు. ఇరువైపులా అయిదేసి నిమిషాల టర్న్‌లు పెట్టారు సారు, మా ఊపిరి సంగతి ఆయనకి తెలుసు కాబట్టి. ఖోఖోలో తరిమేవాళ్లు వెనక్కి తిరగకూడదు, నడిమి గీత దాటకూడదు. తప్పించుకునేవాళ్లు ఎటైనా పోవచ్చు. మా కూతుళ్లు చీమల్లా అటూ ఇటూ దూరిపోతుంటే మేం గీత మీదే ఆగిపోయి ఒకర్నొకరం చూసుకునేవాళ్లం. ఆటో ఆయన కూతురు తన తల్లినే పోల్ దగ్గర అవుట్ చేసింది. తల్లి లేచి దుమ్ము దులుపుకుంటూ, “ఇంటికి రా, నీ సంగతి చెప్త” అంటే గ్రౌండంతా నవ్వు. కూతుళ్లే గెలిచారు. ఎంత తేడాతో అని అడక్కండి.

కంట్రిబ్యూటర్ వచ్చేసరికి ఎనిమిదీ నలభై. పోటీ అయిపోయింది. ఇంకో చోట ఏదో ప్రమాదమైతే అటు వెళ్లొచ్చాడు. “ఒక్కసారి మల్ల ఉరకున్రి అమ్మా, రెండు ఫొటోలు తీస్కుంట” అన్నాడు. మోకాళ్లు సహకరించేలా లేవు, అదీగాక నాటకం ఆడినట్టుంటుంది. మా దగ్గర ఫొటోలున్నాయన్నాను. మా పెద్దవాడి స్నేహితుడు, అశోక్‌నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతున్న అబ్బాయి, ముందే చెప్పినట్టు ఫోన్ అడ్డంగా పట్టుకుని నలభై ఫొటోలు తీశాడు. అందులోంచి నాలుగు ఏరి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే మసకబారతాయని డాక్యుమెంట్‌గా పంపాను. ఎడమ నుంచి ఎవరెవరో పేర్లు, ఇంటిపేర్లు సరిచూసుకుని రాశాను. తల్లీకూతుళ్ల పోల్ దగ్గరి ఫొటో ఒకటి, అందరూ నవ్వుతున్నది ఒకటి. పది గంటలకల్లా ముగ్గురికీ అన్నీ చేరిపోయాయి. మధ్యాహ్నం దాటితే ఆదివారం సభలన్నీ వరస కడతాయి, సాయంత్రానికి పేజీలో చోటుండదు.

బాగా ఆడిన పిల్లల పేర్లు తొమ్మిది. ఆటో ఆయన కూతురి పేరు మొదట రాశాను. మా చిన్నదాని పేరు ఆఖర్న.

అదే రోజు రాత్రి బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్ ముగిసింది. మగవాళ్ల జట్టూ, ఆడవాళ్ల జట్టూ రెండూ బంగారమే. ఆ జట్లలో హారిక, హరికృష్ణ, అర్జున్... మనవాళ్లే ముగ్గురు. సోమవారం మొదటి పేజీలన్నీ వాళ్లవే. మా వారు, “ఇంకేముంది, మీ ఖోఖోని చెస్ మింగేసింది” అన్నారు. ఆయనకి చెప్పాను, మొదటి పేజీ వేరు, మా పేజీ వేరు, ఆ చోటు చెస్ కోసం ఎవరూ తీయరని. పది రోజులు చదివిన చదువు ఊరికే పోలేదు మరి.

ఒక పేపర్లో తల్లీకూతుళ్ల ఫొటో, కింద మూడు వాక్యాలు. ఇంకో దాంట్లో సింగిల్ కాలమ్ వార్త, మూడు అంగుళాలు కూడా ఉండదు, ‘తల్లులపై కూతుళ్ల గెలుపు’ అని హెడ్డింగు. మూడో దాంట్లో ఏమీ లేదు. సారు పేరులో ఒక అక్షరం తప్పు పడింది, ఆయన అది గమనించనట్టే ఉండిపోయారు. తొమ్మిది పేర్లలో ఆరు పడ్డాయి. కింది మూడూ పోయాయి.

మా చిన్నది పేపరు మూడుసార్లు చదివింది. “నువ్వే కదమ్మా రాసింది, నా పేరెందుకు రాయలేదు?” అంది. రాశాను, కోసేశారు అన్నాను. “చివర్న రాశావు కదా” అంది. అబద్ధం చెప్పలేదు, రాశానన్నాను. ఎందుకో కూడా చెప్పాను. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. మూడోరోజు ఆ కటింగ్ తీసి తన పుస్తకంలో పెట్టుకుంది, తన పేరు లేకపోయినా. మళ్లీ రాయాల్సి వస్తే మళ్లీ అలాగే రాస్తాను, ఆ మాట దానికీ తెలుసు.

ఆటో ఆయన బుధవారం పొద్దున గ్రౌండుకి వచ్చాడు. పేపరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సారుని పక్కకి పిలిచి, “గిది కాలేజీల సీటుకి పన్కొస్తదా?” అని అడిగాడు. సారు దాచలేదు. పేపరు కటింగ్ స్పోర్ట్స్ కోటాకి పనికిరాదు, గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ కావాలి, దానికి ముందు జిల్లా సెలక్షన్లకి పోవాలి అని చెప్పారు. ఆయన ఆ సెలక్షన్లు ఎప్పుడని అడిగాడు. మానిపించే మాట ఇంకా పూర్తిగా పోలేదు, పరీక్షలయ్యాక చూద్దామంటున్నాడు. ఇంతకుముందు చూద్దామని కూడా అనలేదు.

బడి కరస్పాండెంట్ గారు ఆ ఫొటోని పెద్దది చేయించి ఆఫీసు గదిలో పెట్టుకున్నారు. బస్సుల మాట ఈ ఏడాదికి ఎవరూ ఎత్తలేదు. కాగితం మీద మాత్రం ఇప్పటికీ ఏమీ లేదు. ఈసారి కటింగులు జతచేసి ఒక అర్జీ రాయమని సారు నా వెంటపడుతున్నారు.

వార్త పడ్డ రోజు కంట్రిబ్యూటర్లిద్దరికీ కృతజ్ఞతలు చెప్పాను. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగి, ఫైనల్లో నేపాల్ మీద మన ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ గెలిచారు కదా, ఆ మర్నాడు మొదటాయన తనే ఫోన్ చేశాడు. “అమ్మా, మీ ఖోఖో పిల్లలున్నరా? గంటల నాలుగు మాటలు, ఒక ఫొటో కావాలె.” కుక్కర్ దింపి, ఎవరెవరు సరేనంటారో మళ్లీ అందరినీ అడిగి అరగంటలో పంపాను. పోయినసారి కన్నా పెద్దగా పడింది. ఈసారి మా చిన్నది మూడో పేరు.

బ్లౌజులు కుట్టే ఆవిడ ఈసారి కూడా వద్దనే అంది. సెప్టెంబరు పోటీలో అయిదు నిమిషాల టర్న్‌లో మూడున్నర నిమిషాలు కూతుళ్లెవరికీ చిక్కనిది ఆవిడొక్కతే. ఆ సంగతి ఏ పేపర్లోనూ లేదు, ఆవిడ ఫొటో ఎవరి ఫోన్లోనూ లేదు. ఇక్కడ రాయనా అని అడిగితే మిషను ఆపి కాసేపు ఆలోచించింది. “పేరు లేకుండా రాయక్కా. కానీ మూడున్నర నిమిషాలని తప్పకుండా రాయి” అంది.